జీవరాజు గారి నల్లపూసలు

మార్కండేయుని యమపాశం నుండి విడిపించిన ఉమాపతికి నమస్కరించి ఈ నాలుగు మాటలు విన్నవిస్తున్నాను.

1972 ఆగస్టు 16వ తేదీన రాజమహేంద్రవరంలోని మా పశువ్యాధి నిర్ధారణ కేంద్రంలో చేరిన డాక్టర్ జీవరాజు గారు, తొలి రెండు దశాబ్దాలు గోదావరి లంకల పాడిపశువుల రోగాలను నిర్ధారించుటలోనే గడిపారు. వరదనీటిలో పడవమీద వెళ్ళి కూడా నమూనాలు తెచ్చిన దీక్ష వారిది.

1994లో వారి దృష్టి పిల్లుల రొమ్ముగడ్డల వైపు మళ్ళింది. గేదెలకే తీరిక లేనిచోట పిల్లులేమిటని కార్యాలయంలో కొందరు గొణిగారు. ఆ గొణుగుడు పూర్తిగా అన్యాయమనీ అనలేను. అయినా వారు వెనుదీయలేదు. కోసి తీసిన గడ్డ నుండి పలుచని పొరను గాజుపలకపై పరచి, వెండి ద్రావణంతో తడిపితే కణాలలో నల్లని చుక్కలు తేలుతాయి. అవి కిక్కిరిస్తే రోగం ఉద్ధృతమనీ, పలచబడితే ఆశ ఉన్నదనీ సూచన. ఆ చుక్కలకు వారు పెట్టుకున్న పేరు నల్లపూసలు.

ఒకనాడు సామర్లకోట నుండి మాణిక్యాంబ గారనే ఉపాధ్యాయిని, శస్త్రచికిత్స జరిగిన తమ పిల్లి పాపాయికి ఆ జబ్బు తిరగబెడుతుందో లేదో తెలుసుకోవాలని వచ్చి, కన్నీళ్ళు ఆపుకుంటూ కూర్చున్నారు. జీవరాజు గారు సూక్ష్మదర్శిని నుండి తల ఎత్తకుండానే, "నల్లపూసలు బొత్తిగా తక్కువ!" అన్నారు.

ఆమె చప్పున మెడ తడుముకున్నారు. "ఏంటండీ ఆ మాట? మా ఆయన బయట రిక్షాలో దుక్కలా కూర్చున్నారు! పూసలు కొంగు చాటున కనపడలేదంతే!"

"మీవి కాదమ్మా, పాపాయివి."

"పిల్లికి నల్లపూసలేంటండీ, చోద్యం కాకపోతే!"

వారు నవ్వి, ఆమెను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి చూపించారు. "గడ్డ చిన్నది, చంకలోకి పాకలేదు, చుక్కలూ తక్కువే. బతుకుతుందని మాటివ్వలేనండి. ఆశపడమని మాత్రం ధైర్యంగా చెప్పగలను."

పాపాయి మరి ఐదేళ్ళు ఆ ఇంటిని ఏలింది. అయితే చుక్కలు కిక్కిరిసిన పలక ఎదురైనప్పుడు, ఎవరెంత బతిమాలినా జీవరాజు గారు తీపి అబద్ధమాడలేదు. ఎదుటివారి దుఃఖం తీరేదాకా కుర్చీ విడిచి లేవనూ లేదు. వారి విద్యకన్న నేను మిన్నగా గౌరవించేది ఈ గుణాన్నే.

2004 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న వీరు, సహధర్మచారిణి రూతమ్మ గారితో కూడి ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలి. గాజుపలకపై నల్లపూసలు తగ్గితే అందరం సంతోషించాము. ఇకపై జీవరాజు గారే మాకు నల్లపూస అయిపోతే మాత్రం సహించలేము. వారానికొకసారైనా ఈ గడప తొక్కాలి.

ఇది చదివినవారికీ, విన్నవారికీ, వారి ఇళ్ళలోని నోరులేని ప్రాణులకూ ఆ మృత్యుంజయుడు నిండు ఆయువు ప్రసాదించుగాక.