కాగితం వెనక టైము

"మీ అమ్మ నీ వల్లనే పోయింది. రేపు సంవత్సరీకంల గూడ నలుగుట్ల గదే చెప్త."

భేస్తాన్‌లోని ఒంటిగది ఇంట్లో, స్నానాలగదినే లింగమూర్తి ఫొటోలు కడిగే చీకటి గదిగా మార్చుకున్నాడు. పోయిన భార్య లలితమ్మ రంగుల ఫొటోను రేపటి సంవత్సరీకానికి కాగితం మీద అచ్చు వేయడంలో సాయానికి కూతురు జమున తాను ఉండే నవాగామ్ నుంచి వచ్చింది.

"ఏడాది సంది చెప్తనే ఉన్నవు బాపు. రేపు మా అత్తగారోళ్లు వస్తరు. వాళ్ల ముంగట గీ మాట వద్దు. జర."

"ఎందుకు వద్దు? పానం పోతుంటె మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తినవా?"

"బట్ట నేసే సాంచాల కాడ ఉంటి. గా చప్పుడుల ఏం ఇనబడ్తది?"

"నేను ఇంట్ల ఉంటే బతికిస్తుంటి. ఫొటోల మందు కొననీకి స్టేషన్ దిక్కు పోతి. ఉన్న ఒక్క బిడ్డ పలుకకపాయె."

"సరే. ఏ కాగితం తియ్యాల్నో చెప్పు. ఈ పచ్చ డబ్బానా?"

"ముట్టకు. గది పాత రకం. గిప్పటి మందుకు పడది, మొకం నీలంగ వస్తది. ఎర్ర డబ్బా తియ్యి. మిల్లుల రంగులు కలిపినోని బిడ్డవు, గింత తెల్వదా?"

"తెల్వదు. బాపు, పచ్చ డబ్బా కింద ఫొటోలున్నయి. అన్నీ అమ్మవే. నీలంగ."

"ఖరాబైనయి. పారెయ్."

"వెనక ఏందో రాసినవు."

"అన్నిటెనక రాస్త. తారీఖు, టైము, ఏ మందు. రాయకుంటే మల్ల గదే తప్పు చేస్తం. నీళ్లు చూడు, వేడి ఎక్కువైతే రంగు మారుతది."

"జూన్ పద్నాలుగు. అమ్మ పోయిన దినం."

"ఇటు తే."

"డబ్బా విప్పింది పదకొండు. మూసింది పన్నెండున్నర. అమ్మ నాకు ఫోన్ చేసింది పదకొండుంబావుకు."

"ఇటు తెమ్మంటున్న."

"నువ్వు స్టేషన్ దిక్కు పోలేదు బాపు. లోపల్నే ఉన్నవు."

"నీళ్లు..."

"అమ్మ తలుపు కొట్టలేదా?"

"కొట్టింది."

"మరి?"

"చాయ్ తాగుమంటదనుకున్న. డబ్బా విప్పి ఉండె. తలుపు తీస్తే వెలుగు పడి కాగితాలన్నీ పోతయి."

"ఎంతసేపు కొట్టింది?"

"నీకు ఫోన్ చేసేదాంక."

"కాగితాలు దక్కినయా మరి?"

"చూస్తున్నవు గద. పాత కాగితానికి కొత్త మందు పోసిన. ఒక్కటి దక్కలె."

"ఏడాది బాపు. నేనే చంపుకున్ననని ఏడాది సంది కన్ను మూయలె."

"ఎర్ర డబ్బా ఇటియ్యి. బయట కూసో."

"రేపు అందరి ముంగట ఏం చెప్తవు?"

"నువ్వు ఫోన్ ఎత్తలేదని చెప్త. అబద్ధమా?"

"తలుపు సంగతి?"

"గడియ పెడుతున్న, కొట్టకు. తలుపు సంగతి ఇయ్యాల అడిగినవు, చెప్పిన. సచ్చేదాంక మల్ల నా నోట్లకెల్లి రాదు."