రాస్తారోకో ఉన్నరోజు

తరిగొప్పుల మలుపు దగ్గర కారు బోల్తాపడ్డప్పటి నుంచి ఆమె భర్త స్టీరింగ్ ముట్టలేదు. అయినా జనగామలో తెలంగాణ కోసం ఏ రాస్తారోకో జరిగినా అందరికంటే ముందే పోతున్నాడు. ఆ పొద్దున ఆయన కండువా వెతుక్కుంటుంటే ఆమె ఎదురొచ్చి అడిగింది.

“మల్ల పోతున్నవా? పోలీసోళ్లు కొడితె ఎట్ల?”

“కొట్టనీ.”

“హారన్ ఇనబడితె మంచంల ఉలిక్కిపడి లేస్తున్నవ్. గా రోడ్డు నడుమ ఎట్ల కూసుంటున్నవయ్యా? భయం గాదా?”

“గాడ గాదు.”

“ఇంట్ల భయమైతది గని, రోడ్డు మీద గాదా?”

“మేం కూసున్నంక ఒక్క బండి కదలదు గదనే. గప్పుడే జర కన్నంటుకుంటది.”

ఆమె కండువా తీసి చేతికిచ్చింది.

“నేను గూడ వస్త. నా ఒళ్లె తల పెట్టుకొని పండు.”

ఆయన గడప దగ్గర ఆగిపోయాడు.

“తెలంగాణ వచ్చినంక రాస్తారోకోలు ఉండయి గద. గప్పుడు నేనెక్కడ పండాలెనే?”