పెరటి గడియ

దొంగతనాలకు జైలుకెళ్ళి, అక్కడే కుట్టుపని నేర్చుకుని వచ్చిన అతను తాడేపల్లిగూడెంలో ఓ అరుగు మీద మిషను పెట్టుకున్నాడు. బేరాలు మాత్రం లేవు. ఆ ఉదయం ఎదురింటి పంతులమ్మగారు పరుగున వచ్చారు.

“అబ్బాయ్, గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. తాళంచెవి లోపలే ఉండిపోయింది. పొయ్యి మీద కొర్రమీను పులుసు! కాస్త తీసిపెట్టు బాబూ.”

“తాళాలు ముట్టనని ఒట్టేసుకున్నానండీ. కావలిస్తే దిండు గలేబులు కుట్టిపెడతాను.”

“వేళాకోళమా?”

“అయ్యో, ఎంతమాటండీ! వాడు దొంగ, గుడ్డముక్క కూడా ఇవ్వొద్దని వీధి వీధంతా చెప్పింది మీరే కదండీ. ఇప్పుడు తాళం తీస్తే మీ మాటే నిజమైపోదూ?”

“తప్పేనయ్యా! పులుసు మాడిపోతోంది.”

ఆ వాసన అతనికీ తగిలింది. ఆవిణ్ణి ఉడికించింది చాలనుకున్నాడు.

“మీ పెరటి తలుపు గడియ వదులుగా ఉందండీ. కాస్త పైకెత్తి తోస్తే వచ్చేస్తుంది.”

“నీకెలా తెలుసు?”

“పని మానేశాను గానీ, చూపు మానలేదండీ.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి పెరటివైపు పరుగెత్తారు. కాసేపటికి వీధి తలుపు బార్లా తెరుచుకుంది.

“టేపు పట్టుకుని రా అబ్బాయ్, కిటికీలకి కర్టెన్లు కుట్టాలి. ఇదిగో, ఈ గుమ్మంలోంచే రా!”