ఉప్పుకు తోడు

ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన అక్క, చెల్లెలి ఒళ్లో వాడిపోయి పడుకున్న బుజ్జిదానికి ఓఆర్‌ఎస్ పొట్లం నీళ్లలో కలిపి చెంచాతో పడుతోంది. పొద్దుట్నుంచీ విరేచనాలు. ఏడ్చినా కంట్లో చుక్క రాకపోయేసరికి చెల్లెలు భయపడి అక్కకు ఫోను చేసింది.

"ఇందాకటిదాకా ఏం పట్టావే?"

"ఉప్పునీళ్లే అక్కా. చక్కెర వేస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయేమోనని మానేశా."

"అక్కడే వచ్చింది చిక్కు. పేగు లోపలి కణాలకు సన్నటి పొర ఉంటుంది. దానికి తలుపులుంటాయి. వాటిలో ఒక తలుపు, ఉప్పు ఒక్కతే వస్తే తెరుచుకోదు. చక్కెర చెయ్యి పట్టుకుని వస్తే ఇద్దర్నీ రానిస్తుంది. వాళ్ల వెనకాలే నీళ్లూ వెళ్తాయి."

"అయితే నేను పట్టిందంతా గుమ్మంలోంచే వెనక్కొచ్చేసిందా?"

"చాలావరకు. ఈ పొట్లంలో ఉప్పూ చక్కెరా రెండూ ఉన్నాయి. కక్కినా కంగారుపడకు, కాసేపాగి మళ్లీ పట్టు."

చెల్లెలు చెంచా అందుకుంది. రెండో గ్లాసు సగమయ్యేసరికి బుజ్జిది ముఖం తిప్పేసుకుని ఏడుపు లంకించుకుంది.

"అయిపోయింది తల్లీ, ఊరుకో, ఊరుకో."

"ఊరుకోబెట్టకు. ముందు దాని బుగ్గ తడిమి చూడు."

"తడిగా ఉందక్కా."

"నిజంగానా?"

"కారిపోతున్నాయక్కా కన్నీళ్లు."

"అయితే ఏడవనియ్యవే కాసేపు. వినడానికి ఎంత హాయిగా ఉందో."