జమీందారు భార్య గురించి

రెండు వేల సంవత్సరం, ఫిబ్రవరి. వైటూకే కంప్యూటర్ కాంట్రాక్టు ముగిసిన భర్త, యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న భార్య సిడ్నీలో తమ ఫ్లాటులో మాట్లాడుకుంటున్నారు.

“హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది. ఇద్దరికీ టికెట్లు బుక్ చేశాను.”

“నన్నడక్కుండానా? నా థీసిస్‌కి ఇంకో ఏడాది పడుతుందండి.”

“రెండొందల ఏళ్ల కింద పోయిన ఇంగ్లీషు జమీందారు, ఏదో పార్లమెంటు మెంబరు. ఇప్పుడెవరికి కావాలి?”

“నేను రాస్తున్నది ఆయన భార్య గురించి. ఆయన ఎన్నికల్లో గెలిస్తే లండన్‌కి, ఓడితే ఎస్టేటుకి పిల్లల్ని వేసుకుని తిరిగింది. వస్తావా అని ఆమెని ఎవరూ అడగలేదు.”

“నన్నంటున్నావా?”

“ఆమె సంగతే చెప్తున్నాను.”

అతను చేతిలోని టికెట్లు బల్ల మీద పెట్టాడు.

“సరే, అడుగుతున్నాను. వస్తావా?”

“రానండి.”

“ఒక్కదానివే ఉంటావా ఇక్కడ?”

“ఉంటాను. ఈ మాట అనాలంటే భయంగానే ఉంది. మీరడిగారు గనక అనగలిగాను.”