ఓవిలా ఎంచుకున్న రెండు సీట్ల మంచుబండి

"నలభై మైళ్లు, గంటలోపు! అదీ పాత బండి మీద, అదీ ఇద్దరం ఎక్కి. ముందు అది రాసుకో సెలిస్త్. బండి ఎవరి చేతికి వెళ్తోందో ఆ కంపెనీవాళ్లకి తెలియాలి కదా!"

ఓవిలా మా కొట్లో అడుగుపెట్టి పావుగంటయింది. ఇంకా ఏ బండి కావాలో చెప్పలేదు. నవంబరు ఆఖరు. ఈ ఏటి చివరి ఓడలో మంచుబండి దిగాలంటే ఆ సాయంత్రంలోగా నేను ఆర్డరు కాగితం పంపాలి. మా ఆయన పోయాక ఈ కొట్టు నేనే చూస్తున్నాను. రోడ్డు లేని ఊరు మాది. సముద్రం కదులుతున్నన్నాళ్లు పడవ, గడ్డకట్టాక మంచు మీద పరిగెత్తే ఈ మోటారు బండి, రెండూ పనికిరాని రోజుల్లో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం. ఆ కూర్చునేదేదో మా పొయ్యి దగ్గరే కూర్చుంటారు అందరూ. ఆవేళ ఒనెజిమ్ ఉన్నాడు, పీతల పడవ ఒడ్డుకి లాగేసి మళ్లీ వసంతం దాకా పని లేని ముసలాయన. పోస్టాఫీసు మూసేసి కాఫీకి వచ్చిన బెర్తిల్ ఉంది.

ఓవిలాకి అరవై దాటాయి. జుట్టు చొక్కా కాలరు మీద పడి చిక్కులు కట్టింది. ఒకప్పుడు ఊళ్లో మగాళ్లందరి జుట్టూ అతని భార్య ఎద్వీజే కత్తిరించేది, వంటింట్లో కుర్చీ వేసి, మెడకి తువ్వాలు చుట్టి. రెండు చలికాలాలుగా ఆవిడ తూర్పున పక్క ఊళ్లో, తమ్ముడు లుజే ఇంట్లో ఉంటోంది. ఎందుకుంటోందో అందరికీ తెలుసు. ఓవిలా ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు.

"క్రిస్మస్‌కి ఎద్వీజ్ వచ్చేస్తోంది," అన్నాడు ఓవిలా. "అందుకే ఇద్దరెక్కే బండి. దూరాలు పోయేది. నడుం పట్టెయ్యకుండా కూర్చునేది."

నేను బొమ్మల పుస్తకం తిప్పాను. "ఇది చూడు. వెనక సీటు ఊడదీసుకుని కావాలంటే సామాను పెట్టుకోవచ్చు."

"ఊడొచ్చే సీటా? వద్దు తల్లీ, వద్దు. కదలనిది చూపించు. వీపు ఆనించుకోడానికి ఎత్తుగా ఉండాలి, రెండు పక్కలా అడ్డం ఉండాలి."

"అయితే ఇది. కాకపోతే బరువు. మెత్తటి మంచులో దిగబడితే ఒక్కడివే లేపలేవు."

"ఒక్కణ్ణెందుకవుతాను? ఇద్దరం ఉంటాంగా! వెనకవాళ్లు పట్టుకునే పిడి వేడెక్కుతుందా?"

"ఎక్కుతుంది."

"రెండు పిడులూనా? కుడిచేతిది కూడానా?"

ఆ మాట అడగడం అప్పటికి మూడోసారి. బెర్తిల్ తల దించుకుని కప్పులోకి చూసుకుంది.

"రెండూ వేడెక్కుతాయి ఓవిలా," అన్నాను.

మాటలాగిన చోట ఓవిలాకి ఊపిరాడదు. పొయ్యికేసి రెండు చేతులూ చాపి, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"నలభై మైళ్లు గంటలోపంటే మీకు నమ్మకం కలగదని నాకు తెలుసు. మరి ఆ రోజు గాలి ఎలాంటిదనుకున్నారు? ఎద్వీజ్ ముందే అంది, ఏమయ్యా, గాలి లేచేలా ఉంది, మా తమ్ముడి ఇంటికి రేపు పోదాంలే అని. నేనన్నాను, లేవనీ, నాకంటే ముందు లేస్తుందా! ఎక్కించుకున్నాను. ఊరు దాటి, దారి పొడుగునా పాతిన కర్రల వెంబడి పడ్డాం. గాలి వెనకనించి తోస్తోంది. నేను వేగం పెంచే పిడి తిప్పాను. ఇంకాస్త తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలిని దాటేశాను. దాటేసరికి ఏమైంది, అదే గాలి ఎదురుగాలి అయి కూర్చుంది!"

"అదెలా?" అన్నాడు ఒనెజిమ్.

"అదెలా ఏంటయ్యా, నువ్వు నడుస్తుంటే ముందు నడిచేవాడి వీపు కనిపిస్తుంది, దాటి వెనక్కి తిరిగితే మొహం కనిపిస్తుంది. గాలీ అంతే! సరే, అలా పోతున్నామా, ఎడంపక్కన కారిబూ జింకల మంద. మూడొందలుంటాయి."

"ఈ తీరంలో కారిబూ కనిపించి పదేళ్లయింది మావయ్యా," అంది బెర్తిల్.

"అవే మరి! పదేళ్లుగా కనిపించనివన్నీ ఆ రోజే వచ్చాయి. నాతో పందెం వేసుకుని పరిగెత్తాయి. ముందున్న మగజింక, కొమ్ములు చర్చి తలుపంత, నావైపు ఒకసారి చూసింది. ఆరు మైళ్లు చూస్తూనే పరిగెత్తింది. చివరికి మంచులో కూలబడి, ఒరేయ్ ఓవిలా, నీకో దండం రా అన్నట్టు తల వంచేసింది. నేను వెనక్కి తిరిగి ఎద్వీజ్‌తో అన్నాను, చూశావా, జంతువుకైనా తెలుస్తుంది మనిషి విలువ అని."

"ఆవిడేమంది?" అంది బెర్తిల్. అడిగాక, ఎందుకడిగానా అన్నట్టు మొహం పెట్టింది.

"ఏమంటుంది? నవ్వింది." ఓవిలా ఎడమచెవి తడుముకున్నాడు. "ఎప్పుడూ నవ్వేది నా కథలకి. మొదటిసారి నా జుట్టు కత్తిరించినప్పుడు కూడా, నవ్వాపుకోలేక నా చెవి కాసింత కోసింది. అప్పుడే అనుకున్నాను, చేసుకుంటే దీన్నే చేసుకోవాలని."

ఆ ఒక్క మాటా నిజమేనని మాకు తెలుసు. ఎడమచెవికి ఆ గాటు ఇప్పటికీ ఉంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు లుజే లోపలికి వచ్చాడు, ఎద్వీజ్ తమ్ముడు. తన బండికి బెల్టు కావాలని చెప్పి ఉంచాడు, దానికోసం పడవ వేసుకుని వచ్చినట్టున్నాడు. ఓవిలా వీపు తలుపు వైపుంది. నేను నోరు తెరవబోతుంటే లుజే వద్దన్నట్టు చెయ్యెత్తాడు. టోపీ తీసి అక్కడే నిలబడ్డాడు.

"అసలు కథ ఇప్పుడుంది," అన్నాడు ఓవిలా. "గడ్డకట్టిన అఖాతం మీదికి వచ్చామా, ఎదురుగా మంచు రెండుగా చీలింది! మధ్యలో నల్లటి నీళ్లు. ఆరడుగులు. ఆగుదామంటే ఆగే వేగమా అది? ఆగితే నీళ్లలోకి, ఆగకపోతే దేవుడి దగ్గరికి. పిడి తిప్పేశాను. పదహారడుగుల చీలిక..."

"ఇందాక ఆరడుగులన్నావు," అన్నాడు ఒనెజిమ్.

"నువ్వు ఒక గుక్క కాఫీ తాగేలోపు కరిగిందయ్యా, మంచు కదా! నేను దగ్గరికి వెళ్లేసరికి అరవై. లేచింది బండి! కింద సీల్ ఒకటి నీళ్లలోంచి తల బయటికి పెట్టి మమ్మల్ని చూసింది. మేం గాల్లో ఉన్నాం. అది మునిగింది, ఒక చేప పట్టుకుంది, పైకొచ్చి తింది, మళ్లీ చూసింది. మేమింకా గాల్లోనే ఉన్నాం. ఎంతసేపున్నామో తెలుసా? కింద ఆటు పోయి పోటు వచ్చింది!"

ఒనెజిమ్ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను, అంత బాగా చెబుతాడు. లుజే మాత్రం కదల్లేదు.

"గాల్లో చలి కదా మరి. వెనకనించి ఎద్వీజ్ ఏం చేసిందో చెప్పనా? సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. మూత తిప్పింది. కప్పులో టీ పోసి, బెల్లం మడ్డి వేసిన రొట్టెముక్క ఒకటి దానిమీద పెట్టి, నా భుజం మీదనించి అందించింది. ఒక్క చుక్క ఒలకలేదు. తాగాను. ఖాళీ కప్పు వెనక్కిచ్చాను. మూత బిగించింది. అప్పుడు దిగాం అవతలి ఒడ్డున. వేడివేడి టీ! ఇప్పటికీ నాలిక మీద..."

"టీ ఎవరిచ్చారు బావా?"

ఓవిలా వెనక్కి తిరిగాడు. చేతులు ఇంకా కప్పు పట్టుకున్నట్టే ఉన్నాయి.

"లుజే! ఎప్పుడొచ్చావురా? రా, రా, కూర్చో. బండి ఎంచుకుంటున్నాను. మీ అక్కకి వెనక..."

"టీ ఎవరిచ్చారని అడుగుతున్నా. అఖాతం చేరేసరికి నీ వెనక సీట్లో ఎవరున్నారు?"

ఒనెజిమ్ బూట్లకేసి చూసుకున్నాడు. రెండేళ్లుగా ఈ ప్రశ్న ఈ ఊళ్లో అందరి నోట్లోనూ ఉంది. జాలేసి మింగేశాం.

"ఎనిమిదో మైలు దగ్గర, గుట్ట మలుపులో బండి ఎగిరి పడ్డప్పుడు అక్క కింద పడిపోయింది," అన్నాడు లుజే. గొంతు పెంచలేదు. "లేచి అరిచింది. నీకు వినపడలేదు. నీ బండి వెనక ఎర్ర దీపం దూరమైపోతుంటే నిలబడి చూసింది. నువ్వు ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ, తల పక్కకి తిప్పి, ఏదో చెబుతూ వెళ్లిపోతున్నావట. ఆ చెయ్యి కనిపించినంతసేపూ చూసిందట. ఇంకాసేపట్లో తిరిగి చూస్తాడు, ఇంకాసేపట్లో చూస్తాడని."

"గాలి హోరు..." అన్నాడు ఓవిలా.

"పన్నెండు మైళ్లు బావా! సగం దారిలో ఉన్న చెక్కగది దాకా పన్నెండు మైళ్లు, ఖాళీ సీటుకి కథ చెప్పావు. బండి ఆపి, దిగి, తిరిగి చూస్తే గాని తెలియలేదు నీకు."

"వెనక్కి వెళ్లాను! వెంటనే వెళ్లాను లుజే, దేవుడి మీద ఒట్టు. గాలికి మంచు లేచి కర్రలు కనపడలేదు..."

"వెళ్లావు. దారి తప్పి అఖాతం మీద తిరిగావు. మర్నాడు పొద్దున ఐదుగురు వెతికి తీసుకొచ్చారు నిన్ను. అది తప్పని నేననను. ఆ గాలిలో ఎవరైనా తప్పుతారు. నేను ఎదురు వస్తూ మూడు గంటల తర్వాత చూశాను అక్కని. కర్రకి ఆనుకుని కూర్చుంది. పడ్డప్పుడు కుడిచేతి తొడుగు ఊడి ఎగిరిపోయింది. ఆ చెయ్యి చంకలో పెట్టుకుని కూర్చుంది."

ఆ తర్వాతది మాకు చెప్పక్కర్లేదు. చలికి చచ్చుబడితే నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు ఒక్కటే మిగిలింది. కత్తెర పట్టే చెయ్యి అది.

ఓవిలా పొయ్యి పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. అతను అంత నెమ్మదిగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అందుకే కదరా ఈ బండి," అన్నాడు. "ఇందులో పడిపోవడం ఉండదు. అడ్డం ఉంది, చూడు. పిడి వేడెక్కుతుంది, కుడిచేతిది కూడా. సెలిస్త్‌ని అడుగు."

"దెబ్బలాడదామని రాలేదు బావా. నీకు చెప్పి రమ్మంది అక్క. రిమూస్కీ పట్నం వెళ్లిపోతోంది, మేనకోడలి దగ్గరికి. అక్కడ ఆసుపత్రి వంటింట్లో పనేదో ఇస్తామన్నారు, ఒక చేత్తో చేసేది. ఇక ఈ తీరానికి రాదు."

"క్రిస్మస్ తర్వాతా?"

"ఈ చివరి ఓడకే. నీ బండి ఇక్కడ దించి, ఓడ తూర్పు ఊళ్లన్నీ తిరిగి వస్తుంది కదా. వచ్చేటప్పుడు అక్క మా రేవులో ఎక్కుతుంది."

పొయ్యిలో కట్టె విరిగింది. బెర్తిల్ లేచి వెళ్లి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది. నా చేతిలో కలం ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఆ రోజు కర్ర దగ్గర నువ్వు చూసినప్పుడు," అన్నాడు ఓవిలా, "నా గురించి ఏమైనా అడిగిందా?"

లుజే టోపీ చేతుల్లో తిప్పాడు. "అడిగింది."

"ఏమని?"

"'ఆయన కథ అయిపోయిందా?' అంది."

ఓవిలా రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆ పొడుగు జుట్టు వేళ్ల మీద పడింది. ఏడిస్తే బాగుండేది, మాకు కాస్త తేలికగా ఉండేది. ఏడవలేదు. అలా వంగి కూర్చున్నాడంతే.

నేను లుజే బెల్టు తెచ్చి ఇచ్చాను. తీసుకుని తలుపు దాకా వెళ్లి, ఆగాడు. మంచివాడు లుజే. వెళ్లిపోవాల్సినవాడే, ఆగాడు.

"పడవలో చోటుంది బావా," అన్నాడు. "సముద్రం ఇవాళ నిమ్మళంగా ఉంది. వస్తే రా. అక్క నిన్ను చూస్తుందో లేదో చెప్పలేను. తలుపు తీస్తే తీసింది. కానీ ఒక్కటి. వెళ్లాక కూర్చో. ఆవిడ చెప్పేది విను. నువ్వు ఒక్క ముక్క మాట్లాడొద్దు. ఆ రోజు ఆ కర్ర దగ్గర మూడు గంటలు ఎలా గడిచాయో ఇంతవరకు నీకు చెప్పలేదు ఆవిడ. చెప్పనివ్వలేదు నువ్వు. ఇవాళైనా, ఆవిడ చెప్పేంతవరకు నోరు మూసుకుని ఉండగలవా?"

ఓవిలా తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ వాటిలో ఏదో వెలిగింది. లేచి నిలబడ్డాడు. కోటు అందుకున్నాడు. ఒక చెయ్యి కోటులో దూర్చాడు కూడా. దేవుడా, వెళ్లనీ అనుకున్నాను. ఇలాగే, ఇంకేమీ అనకుండా వెళ్లనీ.

"నోరు మూసుకోవడమా?" అన్నాడు. "ఓస్! అదొక లెక్కా నాకు? మా నాన్నతో సీళ్ల వేటకి పోయి మంచుపలక మీద చిక్కుకుపోయినప్పుడు పదకొండు రోజులు, లుజే, పదకొండు రోజులు పెదవి కదపలేదు నేను! ఎందుకో తెలుసా? నోరు తెరిస్తే లోపలి వేడి బయటికి పోయి..."

లుజే అతన్ని చూశాడు. కోపంగా కాదు. చచ్చిపోయినవాళ్లని ఆఖరిసారి చూసినట్టు చూశాడు. టోపీ పెట్టుకుని, తలుపు మెల్లగా వేసుకుని వెళ్లిపోయాడు.

"...ఊపిరి గడ్డకట్టి, మా నాన్న అప్పుడు..." అంటున్నాడు ఓవిలా మూసిన తలుపుతో. ఒక చెయ్యి కోటులో ఉంది, రెండో చెయ్యి గాలిలో తిరుగుతోంది.

"పరిగెత్తు మావయ్యా!" అని అరిచింది బెర్తిల్. "ఇంకా రేవు దాకా వెళ్లలేదు, పరిగెత్తు!"

అతను కిటికీ దాకా వెళ్లాడు. అంతే వెళ్లాడు. లుజే తాడు విప్పడం మాకందరికీ కనిపించింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. పడవ రేవు గోడ దాటి, తూర్పుకి తిరిగింది.

కోటు ఖాళీ చెయ్యి అతని పక్కన వేలాడుతోంది.

"పన్నెండు," అన్నాడు ఓవిలా కిటికీ అద్దంలోకి, మాకు వినీ వినపడకుండా. "పదకొండు కాదు. పన్నెండు రోజులు."