అరగని క్యాప్

కాదు బావగారూ, బయట అంతమంది పేషెంట్ల ముందు ఆ కేకలేంటి? మరదలు నాసిరకం క్యాప్ వేసిందట, పన్ను జివ్వుమంటోందట. నాసిరకమా? ఇదిగో, అద్దంలో చూడండి. ఇన్నాళ్ళయినా అది రవ్వంత కూడా అరగలేదు.

ఊఁ ఊఁ అనకండి. నోటినిండా దూది, దవడల మధ్య రబ్బరు దిమ్మ. మత్తు ఎక్కేదాకా అలాగే ఉండాలి.

అరిగింది పైదవడలో ఉన్న క్యాప్ కాదు, దానికి ఎదురుగా కిందిదవడలో ఉన్న మీ సొంత పన్ను. పైన ఉన్నది అరగనంటే ఆ అరుగుడంతా ఎవరు పడాలి? కిందిదే పడాలి.

చెప్పానా లేదా ఆరోజు? మీరు నిద్రలో పళ్ళు నూరుతారని అక్క చెప్పింది, కాస్త మెత్తటి రకం వేద్దాం, అది అరిగినా ఎదుటి పన్నును బతకనిస్తుంది అన్నాను. మీరేమన్నారు? ‘అరిగిపోయేది నాకెందుకు, అన్నిటికంటే గట్టిది పడెయ్’ అన్నారు. అక్క ఏదో అనబోతే, ‘నీకేం తెలుసు, ఊరుకో’ అన్నారు.

సరే, గట్టిదే వేశాను. కొంచెం ఎత్తయితే గీకాను. నునుపు చేసేలోపే పనుందని కుర్చీ దిగిపోయారు. గరుకు కాగితం నోట్లో పెట్టుకు తిరుగుతున్నారు, మళ్ళీ రండి అని ఎన్నిసార్లు ఫోన్ చేశాను? వచ్చారా?

ఇంట్లోనూ అంతే లెండి. మీరు నిక్షేపంగా ఉంటారు. అరిగి సగమయ్యేది ఎదుటి మనిషే. గలగలా మాట్లాడే మా అక్క ఇప్పుడు ఫోన్ ఎత్తితే ‘ఆయనున్నారే, తర్వాత’ అని గొంతు తగ్గిస్తోంది.

అంతకుముందు అక్క మిమ్మల్ని వదిలేసి ఎన్నిసార్లు మా ఇంటికొచ్చేయలేదు? వచ్చిన ప్రతిసారీ మీరు వెనకే వచ్చి గుమ్మంలో కూర్చునేవారు. నాలుగు తియ్యటి మాటలు చెప్పేసరికి పిచ్చిది చెప్పులేసుకుని మీ వెంట నడిచేది.

‘ఆయన నోరు విప్పితే నేను ఆగలేనే’ అంది మొన్న, నా ఒళ్ళో తలపెట్టుకుని. ‘ఆ నోటి సంగతి నేను చూసుకుంటాలే, నీ సామాను సంగతి నువ్వు చూసుకో’ అన్నాను.

నిన్న నేనే ఫోన్ చేసి ఇవాళే రమ్మన్నానంటే, మీ పన్నుమీద ప్రేమ అనుకున్నారా?

లేవకండి. మోగింది నా ఫోనే. అక్క పంపింది, చదువుతాను వినండి. ‘బండి బయల్దేరింది. తాళంచెవి పక్కింటి పిన్నికిచ్చాను.’

మత్తు ఎప్పుడో ఎక్కింది బావగారూ. నేనే ఆగాను.

ఇదిగో, దూదీ దిమ్మా తీసేస్తున్నాను. ఎంత తియ్యగా మాట్లాడతారో మాట్లాడండి. వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.